బుట్ట ఖాళీగా ఉన్నా ‘ఐస్ ఫుల్’ లైటు వెలుగుతుంటే: ఇంటి ఐస్ మేకర్‌లో సెన్సర్ లోపం పట్టుకునే పద్ధతి

బుట్టలో ఒక్క ముక్క ఉండదు, పైన మాత్రం ‘ఐస్ ఫుల్’ లైటు వెలుగుతూనే ఉంటుంది. లేదంటే ట్యాంకు నిండా నీళ్ళున్నా మిషన్ ‘యాడ్ వాటర్’ అని ఆగిపోతుంది. వంటగట్టు మీద పెట్టుకునే చిన్న ఐస్ మేకర్లలో తరచు వినిపించే ఫిర్యాదులు ఈ రెండే. చూపించుకుంటే ‘సెన్సర్ పోయింది, బోర్డు మార్చాలి’ అనే మాట త్వరగా వచ్చేస్తుంది. విశాఖలో, ముఖ్యంగా పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి లాంటి సముద్రానికి దగ్గర ఇళ్ళలో, ఆ మాటను వెంటనే ఒప్పుకోవద్దు. ఇక్కడ సెన్సర్ చచ్చిపోవడం కంటే దాని కంటికి ఏదో అడ్డుపడటమే ఎక్కువ. ఆ అడ్డు చెమ్మ కావచ్చు, సున్నపు పొర కావచ్చు, కనెక్టర్లో పట్టిన చిలుము కావచ్చు. ఈ మూడింటికీ కొత్త భాగం అక్కర్లేదు. అందుకే కింద చెప్పిన వరుసలోనే చూడండి. ఖర్చు లేని పనులు ముందు, టంకం పట్టాల్సిన పనులు చివర పెట్టాం.

మిషన్ లోపల జరిగేది

ఈ రకం మిషన్లలో ఎక్కువ వాటి పనితీరు ఒకటే. కింది ట్యాంకు నుంచి చిన్న పంపు నీళ్ళను పై ట్రేలోకి తోడుతుంది. వేళ్ళలా కిందికి వేలాడే లోహపు కడ్డీలు, సాధారణంగా తొమ్మిది, ఆ నీళ్ళలో మునిగి ఉంటాయి. కంప్రెసర్ ఆ కడ్డీలను గడ్డకట్టే చలికి తెస్తే వాటి చుట్టూ ఐస్ పేరుకుంటుంది. 6 నుంచి 13 నిమిషాల్లో ట్రే పక్కకి ఒరుగుతుంది, మిగిలిన నీళ్ళు ట్యాంకులోకి జారిపోతాయి. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని వేడి గ్యాసు కడ్డీల్లోకి వెళ్తుంది, ఐస్ వదులై కింద పడుతుంది, ఒక పార దాన్ని బుట్టలోకి నెడుతుంది. ఆ తర్వాత బుట్ట నిండిందా అని సెన్సర్ చూస్తుంది. నిండకపోతే మళ్ళీ మొదలు.

ఈ చక్రం మొత్తం నాలుగు చోట్ల నుంచి వచ్చే కబురు మీద ఆధారపడి నడుస్తుంది: బుట్ట పక్కన ఉండే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, నీటి మట్టం చెప్పే సెన్సర్, వేడి కొలిచే థర్మిస్టర్, ట్రే ఎటు ఒరిగిందో చెప్పే మైక్రోస్విచ్. ఏ లైటు వెలిగిందో, ఏ దశలో మిషన్ ఆగిందో గమనిస్తే నాలుగిట్లో మూడింటిని పక్కన పెట్టేయొచ్చు. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మూత తెరిచి ఒక చక్రం మొత్తం పక్కన నిలబడి చూడండి. పంపు చప్పుడు వచ్చిందా, ట్రే నిండిందా, ఒరిగిందా, ఐస్ పడిందా, ఆ తర్వాత ఏమైంది అని ఒక చీటీ మీద రాసుకోండి. ‘ఇ1’, ‘ఇ2’ లాంటి కోడ్ కనిపిస్తే దాని అర్థం మీ మోడల్ మాన్యువల్లోనే చూడాలి. ఒక కంపెనీలో నీటి లోపాన్ని చెప్పే కోడే ఇంకో కంపెనీలో థర్మిస్టర్ లోపాన్ని చెప్పొచ్చు.

విప్పే ముందు

ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. నీళ్ళన్నీ వంపేసి, మిషన్‌ని పొడి గట్టు మీదికి మార్చాలి. ఎక్కువ పక్కకి ఒరగబెట్టకండి. ఒరిగితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పోతుంది, మళ్ళీ మాన్యువల్లో చెప్పినంత సేపు నిలబెట్టి ఉంచాల్సి వస్తుంది.

వెనక స్టిక్కరు మీద గ్యాసు పేరు చదవండి. కొత్త మిషన్లలో ఎక్కువగా ఆర్600ఎ ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, అంటే మండే గ్యాసు. రాగి గొట్టాల దగ్గర టంకం కడ్డీ, లైటరు, హీట్ గన్ పెట్టకూడదు. గొట్టానికి స్క్రూడ్రైవర్ గుచ్చుకున్నా, బుసబుసమన్న చప్పుడు వినిపించినా కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. ఆ గదిలో స్విచ్‌లు వేయొద్దు, తీయొద్దు.

ఇంకో హెచ్చరిక చాలామందికి తెలియదు. చవక మిషన్ల బోర్డుల్లో 5 వోల్టులు తయారుచేసే సర్క్యూట్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉండకపోవచ్చు. అలాంటి బోర్డులో సెన్సర్ తీగ మీద మల్టీమీటరు 5 వోల్టులే చూపిస్తుంది గానీ, భూమితో పోలిస్తే అదే తీగ 230 వోల్టుల లైనుతో కలిసి ఉండొచ్చు. కాబట్టి ప్లగ్గు పెట్టి ఉన్న మిషన్ లోపల మీటరు ముల్లు పెట్టడం ఈ వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. కరెంటు ఉండగా చేసే పరీక్షలన్నీ బయటి నుంచే. మీటరుతో కొలిచేవన్నీ ప్లగ్గు పీకి, కనెక్టర్ ఊడదీశాకే.

వారంటీ మిగిలి ఉంటే స్క్రూల మీద అతికించిన స్టిక్కర్ చించకముందే సర్వీసుకి చెప్పుకోండి. శుభ్రం చేయడానికీ ఫోను కెమెరా పరీక్షకీ స్టిక్కర్ తీయాల్సిన పని లేదు.

ఐస్ ఫుల్ లైటు ఆరకపోతే

చాలా మిషన్లలో బుట్టకి ఒక వైపు గోడలో ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చే ఎల్ఈడీ, ఎదురు గోడలో దాన్ని అందుకునే రిసీవర్ ఉంటాయి. ఎల్ఈడీ తల తెల్లగా గాజులా ఉంటుంది, రిసీవర్ తల తరచు నల్లగా ఉంటుంది. మధ్యలో ఐస్ కుప్ప అడ్డొచ్చి వెలుగు అందకపోతే బుట్ట నిండిందని బోర్డు అనుకుంటుంది. కొన్ని మోడళ్ళలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, అక్కడ ఐస్ మీద పడి తిరిగొచ్చిన వెలుగును చూస్తాయి.

ఎదురెదురు రకంలో ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎల్ఈడీ కాలిపోయినా, రిసీవర్ పాడైనా, తీగ తెగినా, కనెక్టర్ వదులైనా, కంటి మీద చెమ్మ పట్టినా బోర్డుకి కనిపించేది ఒకటే: వెలుగు రాలేదు. కాబట్టి ‘ఐస్ ఫుల్’ లైటు ఏ భాగం పాడైందో చెప్పదు. దారిలో ఎక్కడో తెగిందని మాత్రమే చెబుతుంది. ఆ చోటు వెతకడమే మన పని.

మొదట బుట్ట తీసి చూడండి. తిరగేసి పెట్టినా, అడుగుదాకా కూర్చోకపోయినా బుట్ట అంచే వెలుగుకి అడ్డు పడుతుంది. పార వెనక ఇరుక్కున్న ఐస్ ముక్క, అతుక్కుపోయిన గడ్డ ఉన్నాయేమో చూడండి. ఈ మిషన్ల బుట్ట ఫ్రీజర్ కాదు, అందులో ఐస్ మెల్లగా కరుగుతూ ఉంటుంది. కరిగి మళ్ళీ అతుక్కున్న గడ్డ ఒక వైపు కుప్పగా లేచి సెన్సర్‌ని మూసేస్తుంది.

తర్వాత చెమ్మ. మన ఊళ్ళో ఇదే అసలు శత్రువు. గదిలో వేడి 32 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉన్న రోజు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీటి ఆవిరి చెమ్మగా పడుతుంది. అదే వేసవిలో హైదరాబాదులో 38 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అయితే వస్తువు 15 డిగ్రీల దాకా చల్లబడితే తప్ప చెమ్మ పట్టదు. ఐస్ పక్కనే ఉన్న సెన్సర్ గోడ 27 కంటే ఎంతో కిందికి దిగుతుంది. మూత తెరిచిన ప్రతిసారీ సముద్రపు తేమ గాలి లోపలికి వచ్చి ఆ రెండు కళ్ళ మీదా కూర్చుంటుంది. అక్కడి ప్లాస్టిక్ ఇంకా కొత్తగా ఉంటే చుక్కలు జారిపోతాయి. సున్నం పట్టి గరుకుగా ఉంటే పొరలా నిలిచిపోతాయి.

పరీక్ష సులువు. ప్లగ్గు పీకి, పొడి దూదిపుల్లతో రెండు కళ్ళనీ తుడిచి, మూత తెరిచి అరగంట ఫ్యాను గాలికి వదిలేయండి. ప్లగ్గు పెట్టగానే లైటు ఆరిపోయి, రెండు మూడు చక్రాల తర్వాత మళ్ళీ వెలిగితే సెన్సర్ బాగానే ఉన్నట్టు. చెమ్మో సున్నమో దాని దారి మూస్తోంది. ఒక జాగ్రత్త: ఆపిన మిషన్‌ని మళ్ళీ వేసే ముందు 5 నిమిషాలు ఆగండి. లోపల గ్యాసు పీడనం సమం కాకముందే కంప్రెసర్ని లేపితే దాని మీద భారం పడుతుంది.

కళ్ళ మీద తెల్లటి పొర కనిపిస్తే నిమ్మ ఉప్పు వాడండి. పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చిన్న చెంచాడు కలిపి, దూదిపుల్ల తడిపి కన్ను మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచి, మంచినీళ్ళ దూదితో రెండుసార్లు తుడవండి. చేతి జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. థిన్నర్, అసిటోన్, గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాడితే ప్లాస్టిక్ కంటికి సన్నటి పగుళ్ళు వస్తాయి, ఆ తర్వాత మార్చడం తప్ప దారి లేదు. గిన్నెలు తోమే పీచు, ఉప్పుకాగితం కూడా అంతే.

తుడిచాకా లైటు ఆరకపోతే ఎల్ఈడీ వెలుగుతోందో లేదో చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ మన కంటికి కనిపించదు గానీ చాలా ఫోన్ల సెల్ఫీ కెమెరాకి కనిపిస్తుంది. ముందుగా టీవీ రిమోట్‌ని కెమెరా ముందు పెట్టి ఒక బటన్ నొక్కండి. తెరమీద ఊదా రంగు లేదా తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ ఫోను పనికొస్తుంది. వెనక కెమెరాలకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టరు బలంగా ఉంటుంది కాబట్టి వాటితో కనిపించకపోయినా తొందరపడి నిర్ణయానికి రాకండి. గదిలో లైట్లార్పి, కిటికీ తెర వేసి, మిషన్ నడుస్తుండగా తెల్ల తల ఉన్న ఎల్ఈడీ వైపు కెమెరా తిప్పండి. కొన్ని బోర్డులు ఐస్ పడ్డాక మాత్రమే, అదీ కొన్ని క్షణాలే దాన్ని వెలిగిస్తాయి. అందుకని ఒక పూర్తి చక్రం ఫోనులో రికార్డు చేసి తర్వాత నెమ్మదిగా చూడటం మంచిది. మెరుపు కనిపిస్తే ఎల్ఈడీ, దాని తీగ, దాని కనెక్టర్ బాగున్నట్టే. అనుమానం రిసీవర్ వైపుకి మళ్ళుతుంది. ఏ దశలోనూ కనిపించకపోతే ఎల్ఈడీ వైపు చూడాలి.

అసలు ఎప్పుడూ ఫుల్ చూపించకపోతే

బుట్ట పొంగి ఐస్ ట్యాంకులోకి పడుతున్నా మిషన్ ఆగకపోతే లోపం పైదానికి తిరగబడి ఉంటుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. తూర్పు కిటికీ పక్కన పెట్టిన మిషన్‌లో, మూత గాజులోంచి పొద్దుటి ఎండ నేరుగా రిసీవర్ మీద పడితే, ఐస్ అడ్డున్నా వెలుగు వస్తూనే ఉందని అది అనుకుంటుంది. పాత ఫిలమెంట్ బల్బు, హాలోజెన్ దీపం కూడా ఇలా చేస్తాయి. ఎల్ఈడీ బల్బులతో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. పొద్దున మాత్రమే పొంగి, సాయంత్రం బాగానే ఆగుతుంటే మిషన్‌ని కిటికీకి దూరంగా జరపండి. రిపేరు అంతే.

ఎండ లేకపోయినా ఆగకపోతే ఈ పరీక్ష చేయండి. మందపాటి అట్టముక్కకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఖాళీ బుట్టలో రెండు కళ్ళ మధ్య, పక్కపక్క రకమైతే రెండిటికీ ఎదురుగా, నిలబెట్టండి. ఎదురెదురు రకంలో అది వెలుగును ఆపుతుంది, పక్కపక్క రకంలో వెలుగును తిప్పికొడుతుంది. ఏ రకమైనా లైటు వెలగాల్సిందే. 10 సెకన్లు చూడండి, వెలగకపోతే చక్రం చివరిదాకా అలాగే ఉంచండి. అయితే ట్రే, పార కదిలే దారిలోకి అట్ట పోకూడదు. ఉత్త కాగితం పెట్టకండి, దాని గుండా ఇన్‌ఫ్రారెడ్ కొంత దాటిపోతుంది. ఒక్క పలచటి ఐస్ ముక్క అడ్డు పెట్టి చూడటం కూడా నమ్మదగింది కాదు. ఫాయిల్ పెట్టినా లైటు వెలగకపోతే రిసీవర్ గానీ, దాని తీగలు గానీ ఒకదానికొకటి కలిసిపోయి ఉండొచ్చు. ఉప్పు చెమ్మ పట్టిన కనెక్టర్లో రెండు పిన్నుల మధ్య కరెంటు జారినా రిసీవర్‌కి వెలుగు అందినట్టే బోర్డు లెక్కవేస్తుంది.

కనెక్టర్లో చిలుము

ఇప్పుడు మూత విప్పాలి. ప్లగ్గు పీకి, వెనక, పక్క స్క్రూలు తీసి, సెన్సర్ తీగ బోర్డుని చేరే చోటు వెతకండి. తెల్లటి చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటుంది, పిన్నుల మధ్య దూరం తరచు 2.5 మిల్లీమీటర్లు. ఊడదీసే ముందు ఫోటో తీయండి. ఒకే సైజు కనెక్టర్లు రెండు మూడు పక్కపక్కనే ఉంటాయి, తారుమారైతే కొత్త సమస్య మొదలవుతుంది. ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని లాగాలి, తీగల్ని పట్టి లాగకూడదు.

పిన్నుల మీద పచ్చటి లేదా తెల్లటి పొడి కనిపిస్తే అదే చిలుము. తీరప్రాంతంలో గాలి మోసుకొచ్చే ఉప్పు, ఐస్ మేకర్ లోపలి చెమ్మ రెండూ కలిస్తే తకరం పూసిన పిన్ను కూడా నిలవదు. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి, కనెక్టర్ని ఏడెనిమిది సార్లు పెట్టి తీయండి. ఆ రాపిడికే పొర పోతుంది. పూర్తిగా ఆరాక పిన్నుల మీద బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు పెట్టి మూస్తే చెమ్మ మళ్ళీ చేరదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు ఈ మిషన్‌లో వాడొద్దు, ఆ వాసనా నూనే ఐస్‌లోకి చేరతాయి. పిన్ను తినేసి సన్నబడిపోతే క్లీనర్‌తో లాభం లేదు, ఆ కనెక్టర్ మార్చాలి.

ఊడదీసిన కనెక్టర్ దగ్గరే మీటరు పరీక్ష చేసేయండి. మీటరుని డయోడ్ గుర్తు మీద పెట్టి ఎల్ఈడీ రెండు తీగలకి ముళ్ళు ఆనిస్తే ఒక వైపు సుమారు 1 నుంచి 1.2 వోల్టులు చూపాలి, ముళ్ళు మార్చి పెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా ఏమీ రాకపోతే తీగ తెగింది లేదా ఎల్ఈడీ పోయింది. రెండు వైపులా సున్నా వస్తే తీగలు కలిసిపోయాయి. మీటరు ఆనించి ఉంచి, తీగని మొదలు నుంచి చివరిదాకా వేళ్ళతో మెల్లగా వంచి చూడండి, ముఖ్యంగా ట్రే మోటారు పక్కనుంచి వెళ్ళే చోట. అంకె వస్తూ పోతూ ఉంటే పైతొడుగు బాగానే కనిపించినా లోపల రాగి తెగినట్టే.

నీళ్ళున్నా ‘యాడ్ వాటర్’ అంటుంటే

దీనికి సెన్సర్ని నిందించే ముందు పంపు వైపు చూడాలి. ట్యాంకు పూర్తిగా ఎండిపోయాక నీళ్ళు పోస్తే పంపులో గాలి చిక్కుకుపోవచ్చు. పంపు తిరుగుతుంది, నీళ్ళు మాత్రం ట్రేలోకి ఎక్కవు, మిషన్ నీళ్ళు లేవని తేల్చేస్తుంది. అడుగున ఉన్న బిరడా తీసి నీళ్ళు వంపేసి, మళ్ళీ గీత దాకా నింపి, రెండు మూడు సార్లు స్టార్ట్ నొక్కి చూడండి. పంపు నోటి దగ్గరి జల్లెడలో సున్నపు పెళ్ళలు ఇరుక్కున్నా ఇదే లక్షణం.

ట్రేలోకి నీళ్ళు ఎక్కుతున్నా లైటు ఆరకపోతే మీది ఏ రకం సెన్సరో చూడండి.

ట్యాంకులో రెండు స్టీలు పిన్నులు కనిపిస్తే, వాటి మధ్య నీళ్ళ గుండా పారే చిన్న కరెంటే సెన్సర్. నీళ్ళలో లవణాలు లేకపోతే కరెంటు పారదు. ఆర్ఓ ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్ళలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) బాగా తక్కువగా ఉంటే ఈ రకం మిషన్లు నిండు ట్యాంకుని ఖాళీ అనుకుంటాయి. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్‌తో ఇది మరీ ఎక్కువ. సగం గ్లాసు కుళాయి నీళ్ళు, కాచి చల్లార్చినవి, ట్యాంకులో కలిపి చూడండి. లైటు ఆరితే సెన్సర్‌లో ఏ లోపమూ లేదు. ఉప్పు మాత్రం వేయొద్దు, పిన్నులూ పంపూ తుప్పు పడతాయి.

దీనికి ఎదురు సమస్య బోరు నీళ్ళతో వస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే మేలైన హద్దులు టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200. వేరే ఆధారం లేకపోతే 2000, 600 దాకా ఒప్పుకుంటుంది. ఆ పై హద్దు దగ్గర ఉన్న నీళ్ళు తాగడానికి సరిపోతాయేమో గానీ ఐస్ మేకర్‌ని త్వరగా పాడుచేస్తాయి. పిన్నుల మీద సున్నం మందంగా పేరుకుంటే నీళ్ళు తగలవు. పిన్నుల మధ్య తడి సున్నం వంతెనలా కడితే ట్యాంకు ఖాళీ అయినా నీళ్ళున్నట్టే చూపి పంపు నీళ్ళు లేకుండా తిరుగుతుంది. మా అభిప్రాయంలో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళని ఇంట్లో మామూలు ఫిల్టరు పట్టి వాడటం ఈ మిషన్లకి అన్నిటికన్నా సుఖం.

పిన్నులు కాకుండా చిన్న బెండు ముక్కలాంటి ఫ్లోట్ ఉంటే, దానిలో అయస్కాంతం, దాని వెనక గోడలో అయస్కాంతం దగ్గరికొస్తే పలికే రీడ్ స్విచ్ ఉంటాయి. ఫ్లోట్ వేలితో పైకీ కిందకీ స్వేచ్ఛగా కదలాలి. సున్నం పట్టి ఇరుక్కుంటే నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టండి. బయటికి తీసి కడిగితే మళ్ళీ పెట్టేటప్పుడు తలకిందులు చేయకండి, అయస్కాంతం చోటు మారితే స్విచ్ పలకదు. కనెక్టర్ ఊడదీసి మీటరుతో చూస్తే ఫ్లోట్ పైకి వెళ్ళినప్పుడు, కిందికి దిగినప్పుడు రీడింగు మారాలి. మారకపోతే ఒక మామూలు అయస్కాంతాన్ని స్విచ్ దగ్గరికి తెచ్చి చూడండి. దానికి పలికితే స్విచ్ బాగుంది, ఫ్లోట్ లోపలి అయస్కాంతం నీరసించింది.

ఐస్ రేకులా పలచగా రావడం, లేదా మందంగా పేరుకుని ఊడకపోవడం

ఇక్కడ థర్మిస్టర్ని అనుమానించాలి. అయితే ముందు గది వేడి చూడండి. స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ అని ఒక గుర్తు ఉంటుంది. ‘ఎన్’ అంటే 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టీ’ అంటే 38 దాకా, ‘టీ’ అంటే 43 దాకా. ‘ఎన్’ ఒక్కటే ఉన్న మిషన్ మే నెలలో స్టవ్వు పక్కన పెడితే పలచటి ఐస్ ఇవ్వడం దాని తప్పు కాదు. వెనకా పక్కలా గాలి ఆడేందుకు 15 సెంటీమీటర్లయినా వదలండి, జాలీలో దుమ్ము దులపండి. మొదటి రెండు చక్రాల ఐస్ చిన్నగా ఉండటం ఏ మిషన్‌లోనైనా మామూలే.

అవన్నీ సరిగ్గా ఉండీ ఇబ్బంది పోకపోతే థర్మిస్టర్ కనెక్టర్ ఊడదీసి ఓమ్‌లు కొలవండి. ఇది చలి పెరిగే కొద్దీ నిరోధం పెరిగే రకం. ఎక్కువగా వాడేది 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లు చూపేది. 30 డిగ్రీల గదిలో అది సుమారు 8 చూపాలి. గ్లాసులో చితక్కొట్టిన ఐస్, కొద్దిగా నీళ్ళు కలిపి, థర్మిస్టర్ తలని అందులో 5 నిమిషాలు ఉంచి కలుపుతూ కొలిస్తే, రకాన్ని బట్టి 27 నుంచి 33 కిలోఓమ్‌ల మధ్య నిలబడాలి. 25 డిగ్రీలకి 5 కిలోఓమ్‌లు చూపే రకమైతే ఈ అంకెలన్నీ సుమారు సగం. కొలిచేటప్పుడు తలని వేళ్ళతో పట్టుకోకండి, ఒంటి వేడికి రీడింగు మారిపోతుంది. అసలు ఏమీ చూపకపోతే తెగిపోయింది, సున్నా చూపితే లోపల కలిసిపోయింది. ఐస్ నీళ్ళలో అంకె నిలకడగా ఉండక ఎగుడుదిగుడుగా తిరిగితే తలలోకి నీరు దిగింది. ఈ మూడోది మన ఊళ్ళో ఎక్కువ. పైకి బాగున్నట్టు కనిపించి ఎండ రోజు పనిచేసి ముసురు రోజు మొరాయించేది ఇదే.

ట్రే సగంలో ఆగి రెండు లైట్లూ కలిసి మిణుకుమంటే మైక్రోస్విచ్ వైపు చూడాలి. ముందుగా ట్రే కింద ఇరుక్కున్న ఐస్ ముక్క తీయండి, చాలాసార్లు అంతటితో పోతుంది. ట్రేని చేత్తో బలవంతంగా తిప్పొద్దు, మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. ప్లగ్గు పీకి, కనెక్టర్ తీసి స్విచ్ మీట నొక్కితే టిక్కుమని వినపడాలి, మీటరు కూడా మారాలి.

మార్చాల్సే వస్తే

మీ మోడల్‌కి తొడుగుతో సహా వచ్చే సెన్సర్ జత దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపుల్లో 5 మిల్లీమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ జత అడగండి, పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళండి. ఎల్ఈడీ, రిసీవర్ రెండూ ఒకే తరంగదైర్ఘ్యానివి కావాలి, తరచు వాడేది 940 నానోమీటర్లు. రిసీవర్లో ఫోటోడయోడ్, ఫోటోట్రాన్సిస్టర్ అని రెండు రకాలుంటాయి, చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి పెడితే బోర్డు సరిగ్గా చదవదు. మూడు కాళ్ళుండే టీవీ రిమోట్ రిసీవర్ ఇక్కడ అస్సలు పనికిరాదు, అది 38 కిలోహెర్ట్జ్ దగ్గర మిణికే వెలుగుకే స్పందిస్తుంది.

కొత్త ఎల్ఈడీలో పొడుగు కాలు పాజిటివ్. పాత దాన్ని కోసే ముందు ఏ రంగు తీగ ఏ కాలికి ఉందో రాసుకోండి. టంకం కడ్డీని 350 డిగ్రీల దగ్గర ఉంచి ఒక్కో కాలికి 3 సెకన్లు మించకుండా ఆనించండి, ఈ పని మిషన్ బయట, గొట్టాలకి దూరంగా చేసుకోండి. ప్రతి అతుకుకీ విడిగా హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) తొడిగి, అది బిగిసేలా కూడా బయటే వేడిచేసి, తర్వాత లోపల బిగించండి. తొడుగు చుట్టూ చెమ్మ పోకుండా సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టేది కొనొద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని, ఆహారానికి తగిలినా పర్వాలేదని ట్యూబు మీద రాసి ఉన్నది తీసుకుని 24 గంటలు ఆరనివ్వండి. కన్ను మీద మాత్రం సిలికాన్ పడకూడదు.

మళ్ళీ రాకుండా

కుళాయి నీళ్ళయితే నెలకోసారి, బోరు నీళ్ళయితే రెండు వారాలకోసారి సున్నం వదిలించండి. లీటరు నీళ్ళకి 15 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకులో పోసి, శుభ్రం చేసే మోడ్ ఉంటే అది నడపండి, లేకపోతే 20 నిమిషాలు నానబెట్టి వంపేయండి. మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి, తర్వాత వచ్చే మొదటి రెండు చక్రాల ఐస్ పారబోయాలి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు నిమ్మ ఉప్పుతో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

రాత్రి వాడకం అయ్యాక నీళ్ళు వంపి, సెన్సర్ కళ్ళు పొడిగుడ్డతో తుడిచి, మూత వేళ్ళు పట్టేంత తెరిచి ఉంచండి. మిషన్ నడుస్తున్నప్పుడు మాత్రం మూత మాటిమాటికీ తెరవొద్దు. వానాకాలంలో వారాల తరబడి వాడకపోతే పూర్తిగా ఆరబెట్టి మూత గట్టిగా వేసి, గుడ్డ కప్పండి.

ఇవన్నీ చూశాక కూడా, ఎల్ఈడీ, రిసీవర్, తీగ, కనెక్టర్, థర్మిస్టర్ అన్నీ కొలతకి సరిగ్గా నిలిచి లైటు మారకపోతే మిగిలింది బోర్డే. గంటసేపు నడిచినా కడ్డీలు చల్లబడకపోతే అది గ్యాసుదో కంప్రెసర్‌దో పని, సెన్సర్లతో సంబంధం లేదు. రెండింటికీ మెకానిక్ కావాలి, గ్యాసు పనికైతే ఆర్600ఎ నింపడం వచ్చినవాళ్ళే కావాలి. వాళ్ళు వచ్చినప్పుడు మీరు రాసుకున్న చీటీ ఇవ్వండి: ఏ దశలో ఆగుతోంది, ఫోనులో మెరుపు కనిపించిందా, గదిలో ఎన్ని కిలోఓమ్‌లు, ఐస్ నీళ్ళలో ఎన్ని. ఆ అంకెలు చేతిలో ఉంటే బాగున్న సెన్సర్‌కి మళ్ళీ డబ్బు కట్టాల్సిన పని ఉండదు.